పట్టీల కంచె విల్లులెక్క వంగింది, ఎట్ల సక్కగ చేయాలె?

గద్వాల తోట: పొద్దుగాల ఆరింటికి మొదలువెట్టిన, ఇప్పుడు రెండయింది. అన్నం గూడ తినలే. ఇంటి ముందల పూలమొక్కలకు ఫెన్సింగ్. ఇప్పుడు అందరు పెట్టిస్తున్నరు గద, అడ్డం చెక్కపట్టీలు, నడుమ సన్న సందులు, అట్లాంటిది. పోయిన వారమే నేనే బిగించిన. రసమట్టం పెట్టి, దారం కట్టి, సందుకు అర అంగుళం తప్పకుంట. ఇయ్యాల చూస్తే సగం పట్టీలు విల్లులెక్క వంగినయ్. ఒకకాడ సందుల చెయ్యి పోతది, ఒకకాడ పుల్ల గూడ పోదు. స్క్రూ విప్పి మళ్ల బిగిస్తుంటే చివర్లు పగులుతున్నయ్. మూలమీది గుంజ వాలింది. కొలతలల్ల తప్పు లేదు, నాలుగుసార్లు చూసిన. వాల్‌నట్ రంగు గూడ మంచి కంపెనీదే వేసిన. తప్పు ఎక్కడుంది?

చిత్రిక: ఏం కట్టె? ఏం నేల? గుంజకు గుంజకు ఎంత దూరం?

పాలమూరు రిటైర్డ్: బాబూ, ముందు ఆ కట్టె ఎక్కడిదో చెప్పండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం అంటే మనవాళ్ళకు బోర్ల గొడవ ఒక్కటే గుర్తుంటుంది. పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నాయి. సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి సంగతి చూసుకోవాలి. టేకు తరలించాలంటే అటవీశాఖ పర్మిట్ వేరే. మా సర్వీసులో ఇది తెలియక బండ్లు పట్టుబడి ఏడ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో.

గద్వాల తోట: సార్, నేను చెట్టు కొట్టలే, మిల్లుల కొన్న. రశీదు గూడ ఉంది. పట్టీ వంగుడుకు చట్టం ఏం చేస్తది? చిత్రిక అన్నా, కట్టె అంటే కట్టెనే గద.

చిత్రిక: కాదు.

నకిరేకల్ మల్లె: నాదొక మాట. ఫెన్సింగ్ ఫెన్సింగ్ అనుడెందుకు? దడి అనే మాట లేదా మనకు?

రీపర్: దడి అంటే కంపతోనో కందికట్టెతోనో కట్టేది. కోసిన చెక్కతోని చేస్తే కటాంజనం.

నకిరేకల్ మల్లె: కటాంజనం నిలువు. ఇది అడ్డం.

రీపర్: పండుకున్నంత మాత్రాన మనిషి పేరు మారుతదా?

చిత్రిక: పేరు తర్వాత పెట్టుకోండ్రి. ఆయన ఇంక కట్టె పేరే చెప్పలే.

గద్వాల తోట: జామాయిల్. సోమారం కోయించిన, బేస్తారం బిగించిన. పట్టీ మూడు అంగుళాల వెడల్పు, ముప్పావు మందం. గుంజకు గుంజకు ఎనిమిది అడుగులు. గుంజలు మొన్న వానకాలంల పాతిన, తవ్వుడు సులువని. రెండు అడుగుల గుంత. నేల మామూలుదే, ఒకప్పటి పత్తిచేను. రంగు బయటిదిక్కే వేసిన, లోపల ఎవరు చూస్తరని.

చిత్రిక: ఇది మొదలే చెప్తే అయిపోవు గద తమ్మీ. పచ్చి జామాయిల్ ఆరేటప్పుడు మెలిపడ్తది, అందులో ఎండకాలం. పొడుగు అంతగ తగ్గది గని వెడల్పు తగ్గుతది. మూడు అంగుళాలల్ల పావు అంగుళం దాకా పోవచ్చు, నీ అర అంగుళం సందు ఇగ ఎక్కడుంటది? రంగు ఒకదిక్కే వేస్తే అటు తడి ఆగుతది, ఇటు జల్ది ఆరుతది, పట్టీ దోనె అయితది. మీదికెల్లి ముప్పావు మందానికి ఎనిమిది అడుగులు చాన ఎక్కువ. నాలుగైదు అడుగులకొక గుంజ ఉండాలె, లేకుంటే నడుమ వెనకదిక్కు నిలువు పట్టీ అన్న కొట్టాలె.

అన్ని విప్పు. నీడకు, గాలి ఆడేకాడ, వరుసకు వరుసకు నడుమ సన్న పుల్లలు పెట్టి పేర్చు, మీద బరువు పెట్టు. రెండు మూడు నెలలు ముట్టకు. మెలిపడ్డయి మళ్ల సక్కగ కావు, కురచ ముక్కలకు వాడుకో. బిగించేటప్పుడు ఉత్తగ స్క్రూ తోయకు, ముందు బెజ్జం. పట్టీల స్క్రూ కంటె కొంచెం లావు, గుంజల సన్నది. చివరి నుంచి అంగుళంన్నర లోపలికి. రంగు నాలుగు దిక్కులు, కోసిన చివర్లకు ఇంకో కోటు, నీళ్లు తాగేది అక్కడ్నే. ఉత్త ఇనుప స్క్రూలైతే వానకు నల్ల మరకలు కారుతయ్, స్టెయిన్‌లెస్ తీసుకో. సందుకు టేపు ఎందుకు? సందంత చెక్కముక్క ఒకటి నడుమ పెట్టుకుంట పో.

వనపర్తి అక్క: గుంజ సంగతి ఎవ్వరు పట్టించుకుంటలేరు. పత్తిచేను అంటే నల్లరేగడే గద తమ్ముడూ, మామూలు నేల అంటవేంది. వానకు ఉబ్బుతది, ఎండకు పర్రెలిస్తది. తడి మట్టిల పాతినవ్, ఇప్పుడు మట్టి గుంజను వదిలింది. మూడు అడుగులు తవ్వి, చుట్టు మొరం పోసి దిమ్మిస కొట్టు.

మా తోటకైతే రాతి కడీలే. చెద పట్టదు, కుళ్లదు. కడీకి బెజ్జం కొడితే పగులుతదని భయపడి, ఇనుప పట్టీ చుట్టు తిప్పి నట్టుబోల్టు బిగించినం. దానికి నిలువు చెక్క, చెక్కకు అడ్డం పట్టీలు. కింది పట్టీ నేలకు జానెడు పైకి ఉంచు. నేను మొదటిసారి మట్టికి తగిలిచ్చి పెట్టిన, ఆరు నెలలకే తవుడైంది.

నకిరేకల్ మల్లె: కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే చెద రాదు.

వనపర్తి అక్క: పూలమొక్కల పక్కన ఆ పని చేయకుండ్రి. వానకు మట్టిలకు దిగుతది.

పాలమూరు రిటైర్డ్: ఈ ఖర్చంతా ఎందుకు? వావిలి కొమ్మలు గుచ్చండి, నడుమ గోరింట. వావిలిని మేక ముట్టదు. రెండేళ్ళలో నడుములెత్తు పచ్చటి గోడ లేస్తుంది, ఏ చట్టమూ అడ్డు రాదు.

గద్వాల తోట: రెండేళ్లు గులాబీలకు నేను కాపలా ఉండాల్నా సార్? మా గల్లీల మేకలు మిమ్మల్ని ఎరగవు.

రీపర్: విప్పినంక ఫొటో పెట్టు తమ్మీ.

గద్వాల తోట: విప్పుతున్న. ఎనిమిది స్క్రూల తలలు అరిగిపోయినయ్, అవి ఎట్లొస్తయో. అన్నా, అక్కా, థాంక్స్.

నకిరేకల్ మల్లె: కటాంజనం నిలువే.

మక్తల్ కొత్తిల్లు: అక్కా, ఆ కడీలు ఒక్కోటి ఎంత పడ్డయ్? మా దిక్కు దొరుకుతయా?