పుస్తకం చూసి చేసే ప్రార్థన ఉత్త అలవాటేనా?

హాలియా చెల్లి:
అందరికీ వందనాలు. మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. పెళ్లయ్యాక మా ఆయనతో మిర్యాలగూడలో వేరే ప్రార్థన మందిరానికి వెళ్తున్నా. పుస్తకంలో చూసి చదివేది ప్రార్థన కాదని, మత్తయి 6:7లో ప్రభువు వద్దన్న వ్యర్థమైన మాటలు అవేనని అక్కడి పాస్టరుగారు అంటారు. మొన్న ఈస్టర్‌కి అమ్మవాళ్ల చర్చికి వెళ్తే అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం దగ్గర నా నోరు దానంతటదే కదిలింది, ఒక్క మాట తప్పలేదు. కానీ మనసు అందులో ఉందో లేదోనని అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

నకిరేకల్ టీచర్:
చెల్లీ, 6:7 దగ్గర ఆగకుండా 6:9 కూడా చదువు. "మీరీలాగు ప్రార్థన చేయుడి" అని మాటలు అందించింది ప్రభువే. సిలువ మీద ఆయన కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే.

మా అమ్మ పత్తి ఏరే కూలి మనిషి, చదువు రాదు. కూటంలో "ఎవరైనా ప్రార్థన చేయండి" అంటే తల దించుకునేది. మాటలు బాగా వచ్చినవాళ్లే ఎప్పుడూ చేసేవాళ్లు. ఆదివారం మాత్రం ఆరాధన క్రమం పుస్తకం తెరిచి పట్టుకునేది. పక్కామె పేజీ తిప్పితే తనూ తిప్పేది. సంఘం తిరిగి చెప్పే మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "ప్రభువా, కనికరించుము" అనేటప్పుడు మా వరుసలో అమ్మ గొంతే పైకి వినపడేది. వారమంతా ఇంకొకరి మాట వినే మనిషికి అక్కడ తన వంతు మాట ఉండేది. దాన్ని వ్యర్థం అంటే నేను ఒప్పుకోను.

ఇంకోటి. 1947లో సీఎస్‌ఐ ఏర్పడింది. 1950లో వచ్చిన ప్రభురాత్రి భోజన క్రమంలో సమాధానం, అంటే దేవుని శాంతిని, ఒకరి చేతులు ఒకరు పట్టుకొని అందించుకోవడం పెట్టారు. బల్ల దగ్గర అయ్యగారితో మొదలై చేతుల నుంచి చేతులకు చివరి వరుస దాకా వస్తుంది. మా ఊరి హోటల్లో మావాళ్లకు వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, పత్తికాయ గీరి పగిలిన మా అమ్మ చేతుల్ని ఒక రిటైర్డ్ ఆఫీసరు తన రెండు చేతుల్లోకి తీసుకునేవారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. క్రమంలో ఉంది కాబట్టి చేసి ఉండొచ్చు. అమ్మకు మాత్రం అది అందింది.

జడ్చర్ల అన్న:
మాది మెన్నొనైట్ బ్రదరెన్ అనే సంఘం. మాకు చదివే పుస్తకం లేదు, అయినా మా పెద్దాయన ప్రార్థనలో తర్వాతి మాటేంటో పిల్లలు కూడా చెప్పేస్తారు. అయితే అక్కా, ఆ పాస్టరుగారి భయం ఉత్తిది కాదు. మా మేనమామ సమాధి దగ్గర ఒకాయన భూస్థాపన క్రమం గబగబా చదివి, పేరు కూడా తప్పు పలికి వెళ్లిపోయాడు. మా అత్త ఇప్పటికీ ఆ మాట తలుచుకొని ఏడుస్తుంది.

నకిరేకల్ టీచర్:
అది ఘోరం తమ్ముడూ. అలా చదివేవాళ్ల వల్లే ఇలాంటి మాటలు వస్తున్నాయి. చదివేవాళ్లు ముందురోజు రాత్రే ఆ మాటలతో కూర్చోవాలి.

హాలియా చెల్లి:
అక్కా, మీ అమ్మగారి సంగతి మా ఆయనకు చదివి వినిపించా. వచ్చే ఆదివారం అమ్మవాళ్ల చర్చికి తనూ వస్తానన్నాడు. సమాధానం ఎలా తీసుకోవాలో తనకు తెలియదు. ఇంట్లో చేతులు పట్టుకొని చూపిస్తున్నా.