ఆరు నెలలు తాగకుండా ఉంటేనే లివర్ మార్పిడి: ఇది న్యాయమేనా?

పెద్దకొడుకు:
నాన్నకి సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. పొట్టలో చేరిన నీరు ఇప్పటికి రెండుసార్లు తీయించాం. తాగుడు మానేసి ఐదు వారాలైంది. ఆరు నెలలు నిండాకే లివర్ మార్పిడి సంగతి చూద్దామంటున్నారు డాక్టర్లు. అప్పటిదాకా ఆయన ఉండాలి కదా? ఇది వైద్యమా, శిక్షా?

నిక్కచ్చి:
శిక్ష ఎలా అవుతుందండీ? దానంగా దొరికే లివర్లు తక్కువ, వాటికోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. మళ్లీ తాగేవాడికి ఇస్తే ఇంకొకరి వంతు పోయినట్టే. మా మేనమామ పిల్లల తల మీద చెయ్యేసి ఎన్ని ఒట్లు పెట్టాడో లెక్కలేదు.

వార్డు నర్సు:
ఆ గడువుకి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. మానేశాక కొందరికి లివర్ తేరుకుంటుంది. మచ్చలు పూర్తిగా పోకపోయినా నీరు తగ్గి, కామెర్లు తగ్గి, మార్పిడి అవసరమే తప్పుతుంది. అలాంటివాళ్లని ఆపరేషన్ బల్ల ఎక్కించకుండా ఆపడానికి గడువు మంచిదే.

కానీ తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ (తాగుడు వల్ల లివర్ వాచిపోవడం) వచ్చి, వారం రోజుల స్టెరాయిడ్లకి కూడా లొంగకపోతే? అలాంటివాళ్లని ఆరు నెలలు ఆగమనడం, చచ్చిపొమ్మనడం ఒకటే. 2011లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు ఇలాంటి 26 మందికి గడువు చూడకుండా లివర్ మార్చి, ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తర్వాత వాళ్లలో 77 శాతం బతికున్నారు. మార్పిడి జరగని అలాంటి రోగుల్లో 23 శాతమే. ఆ 26 మందిలో మళ్లీ తాగింది ముగ్గురు.

నిక్కచ్చి:
ఏరి ఏరి ఎంచుకున్న 26 మంది కదా! ఇంట్లోవాళ్ల అండ ఉన్నవాళ్లు, అదే మొదటిసారి లివర్ దెబ్బతిన్నవాళ్లు. మా మామయ్యని ఆ జాబితాలో రానిచ్చేవారా?

మానేసినవాడు:
నేను ఏడు నెలలు మానేసి ఎనిమిదో నెలలో మళ్లీ పట్టుకున్నవాణ్ణి. గడువు నాకు నేర్పింది తేదీలు లెక్కపెట్టడమే. రెండోసారి లివర్ డాక్టరుతో పాటు మానసిక వైద్యుడి దగ్గరికీ వెళ్లాను, అప్పుడు నిలబడ్డాను. ఇంకో మాట: తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రలు చెప్పకుండా తిండిలో కలిపేవాళ్లున్నారు. దెబ్బతిన్న లివర్‌కి ఆ మాత్రే ముప్పు. పైన మందు పడితే ప్రాణం మీదకొస్తుంది.

పెద్దకొడుకు:
నిక్కచ్చి గారూ, మా నాన్న ఒట్టూ వేయలేదు, అబద్ధమూ ఆడలేదు. పొద్దున ఫారం మీద సంతకం పెట్టమంటే రెండక్షరాలు రాసి పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతున్నారు. అలసటేమో అనుకున్నాం.

వార్డు నర్సు:
అలసట కాకపోవచ్చండీ. లివర్ వడపోయలేని విషాలు మెదడుకి చేరినా ఇలాగే ఉంటుంది. విరేచనం అయి ఎన్ని రోజులైంది? ఆ విషాల్ని విరేచనంతో బయటికి పంపే లాక్టులోజ్ సిరప్ ఇస్తుంటే రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా అవ్వాలి. నిద్రమాత్ర మాత్రం వేయకండి. చర్చ తర్వాత, ముందు ఆస్పత్రికి బయల్దేరండి.

పెద్దకొడుకు:
మూడు రోజులైంది. బయల్దేరుతున్నాం.