సాహసం శాయరా, సేయరా, చేయరా? ఇంతకీ డింభకుడంటే ఎవరు?

వెలంపేట నుంచి

ఈమధ్య చూసిన పాత సినిమాల గురించి అందరూ రాస్తున్నారు కదా, నాదీ ఒకటి. అయితే సినిమా మొత్తం గురించి కాదు. అందులో ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మొన్న ఆదివారం ఇంట్లో ‘పాతాళభైరవి’ పెట్టుకున్నాం. ఒకటే ఉక్కపోత. బీచ్‌కి వెళ్దామని పేచీ పెడుతున్న మా పాపని తాతయ్య ఆపి పక్కన కూర్చోబెట్టుకున్నారు. 1951 నాటి సినిమా, మూడు గంటలు దాటిన నిడివి. తొమ్మిదేళ్ల పిల్ల కూర్చుంటుందా అని నాకు టెన్షన్. కదిలితే ఒట్టు. తోటరాముడి కన్నా దానికి నేపాళ మాంత్రికుడే నచ్చాడు. ఎస్వీ రంగారావు గారు తెర మీదికి వచ్చినప్పుడల్లా ముందుకి జరిగి కూర్చుంది.

ఆ మాట రానే వచ్చింది. ‘సాహసం శాయరా డింభకా, రాజకుమారి లభిస్తుందిరా.’ నాన్న కూడా తెరతో పాటే పలికారు. పాప వెంటనే, ‘డింభకా అంటే తిట్టా తాతా?’ అంది. వాళ్ల క్లాసులో ఎవరికైనా లెక్క తప్పితే ‘ఒరేయ్ డింభకా’ అంటారట. నేను అవుననబోయాను. ఇన్నాళ్లూ నా మనసులో కూడా ఆ మాటకి ‘అమాయకుడా, వెర్రివాడా’ అనే అర్థమే ఉంది.

నాన్న కాదన్నారు. ఆయన చిన్నప్పుడు అమరకోశం, అంటే సంస్కృత పర్యాయపదాల నిఘంటువు, వల్లె వేసిన మనిషి. కళ్లు మూసుకుని చెప్పేశారు: ‘పోతః పాకోఽర్భకో డింభః పృథుకః శావకః శిశుః’. ఇవన్నీ పసివాడికి, పిల్లకి పేర్లే. డింభుడన్నా డింభకుడన్నా బాలుడు. అంతే తప్ప తిట్టు లేదు.

ఆ వరసలోనే ‘అర్భకుడు’ కూడా ఉండటం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. అదీ పసివాడే. మనం మాత్రం ‘వాడొట్టి అర్భకుడు’ అంటే బక్కవాడు, చేతకానివాడు అనే అర్థంలో వాడుతున్నాం. అంటే డింభకుడి కన్నా ముందే అర్భకుడు ఈ దారిలో నడిచాడన్నమాట. పసితనానికి పెట్టిన పేరు పెద్దవాళ్లకి వాడేసరికి తక్కువ చేసే మాట అయిపోతోంది. డింభకుడి విషయంలో ఆ పని ఈ సినిమానే చేసిందని నా అనుమానం. మాంత్రికుడు పిలుస్తున్నది ముద్దుగానే. కానీ అతనికి కావలసింది భైరవికి బలి ఇవ్వడానికి ఒక సాహసి. ఆ పిలుపు నమ్మి వెంట వెళ్లినవాడు డింభకుడు. చూసినవాళ్ల మనసులో ‘మోసపోయేవాడు’ అన్న అర్థం అక్కడే అంటుకుని ఉండాలి.

ఇంకొకటి. రంగారావు గారు 1918లో పుట్టారు, రామారావు గారు 1923లో. అంటే సినిమా విడుదలయ్యేనాటికి ‘బాలుడా’ అని పిలిచినాయన వయసు 32, పిలిపించుకున్నాయనది 27. ఐదేళ్ల తేడా! గడ్డం వల్ల కాదు, ఆ గొంతు వల్లే ఆయన ముందు తోటరాముడు నిజంగా కుర్రాడిలా కనిపిస్తాడు. సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు ఆ పిలుపు ఇచ్చారు, దానికి వయసు రంగారావు గారు ఇచ్చారు.

ఇక నా అసలు ప్రశ్న. ఈ వాక్యాన్ని కొందరు ‘చేయరా’ అని రాస్తారు, కొందరు ‘సేయరా’ అంటారు, కొందరు ‘శాయరా’ అంటారు. నేను నాలుగుసార్లు వెనక్కి పెట్టి విన్నాను. నాకు శాయరా అనే వినబడింది. ఇది రంగారావు గారి ఉచ్చారణ మాత్రమేనా, భాషలో అలాంటి రూపం ఉందా?

భీమిలి నుంచి

తమ్ముడూ, ‘సేయరా’కి మాత్రం వ్యాకరణం బలం గట్టిగా ఉంది. బాలవ్యాకరణంలో గసడదవాదేశం చదువుకున్నాం కదా: ప్రథమావిభక్తి మాట తర్వాత వచ్చే పరుషాలకు, అంటే క చ ట త ప లకు, బదులుగా గ స డ ద వ లు బహుళంగా వస్తాయి. వాడు + పోయె = వాడు వోయె అయినట్టే సాహసము + చేయు = సాహసము సేయు. పద్యాల నిండా సేయుటలే.

వ్యాకరణం అక్కర్లేదనుకుంటే మా జాలరిపేటకి రండి. ‘సేప’, ‘సెప్పు’, ‘ఏటి సేస్తన్నావు’ పొద్దున లేస్తే వినబడతాయి. కావ్యంలో ఉన్న సకారమూ మా రేవులో ఉన్న సకారమూ వేరువేరు కారణాల వల్ల వచ్చినవే, అది నాకు తెలుసు. అయినా రెండూ ఒకే మాట దగ్గర కలిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. మా అమ్మమ్మ మాటని ‘మోటు’ అన్న టీచరు ఒకరు ఉండేవారు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

వాల్తేరు నుంచి, ఒక రిటైర్డ్ మాస్టారు

నేను తెలుగు మీడియంలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. డింభకం మాకు రోజూ వాడే మాట. గుడ్డు, డింభకం, ప్యూపా, ప్రౌఢజీవి. మీరంతా లార్వా అంటారే, అదే. దోమ డింభకం నిలవ నీటిలో పెరుగుతుంది, కప్ప డింభకానికి తోక ఉంటుంది. పుస్తకం రాసినవాళ్లు సరిగ్గా అసలు అర్థమే పట్టుకున్నారు: ఇంకా పూర్తిగా ఎదగనిది, రూపం మారబోయేది.

ఒక్కసారి తోటరాముణ్ణి ఆ కంటితో చూడండి. సినిమా మొదట్లో తోటమాలి కొడుకు. మొసలి రూపంలో శాపం అనుభవిస్తున్న ఆవిడ అసలు సంగతి చెప్పేదాకా బలిపశువు. ఆ తర్వాత మాంత్రికుణ్ణే భైరవికి బలి ఇచ్చి వరం పొందిన వీరుడు. డింభక దశ దాటిపోయాడు. పింగళి గారు జంతుశాస్త్రం తలచుకుని రాశారని నేను అనను. కానీ మాట అతికింది.

ఎంవీపీ కాలనీ నుంచి

సాహసం మీద ఒక్క ముక్క. ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలప్రయోగంతో చేసే నేరం. మనుస్మృతిలో జరిమానాలకి కూడా ప్రథమ సాహసం, మధ్యమ సాహసం, ఉత్తమ సాహసం అని పేర్లు. వరసగా 250, 500, 1000 పణాలు (ఆనాటి నాణేలు). మాంత్రికుడి నోట ఆ పాత అర్థం కూడా సరిపోతోంది చూడండి.

వెలంపేట నుంచి

అందరికీ ధన్యవాదాలు. అక్కా, మీ అమ్మమ్మ మాట గురించి రాసింది నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

‘శాయరా’ సంగతి కూడా ఇంట్లోనే దొరికింది. మా తాతగారి పెట్టెలో పాత కాగితాలు కొన్ని ఉన్నాయి. నాన్న గుర్తు చేస్తే తీశాను. ఒక ఉత్తరం మొదట్లో ‘శాయంగల విన్నపములు’ అని ఉంది. ఇంకో కాగితం చివర ‘తీర్మానము శాయడమైనది’. అంటే ఇది రంగారావు గారు పుట్టించిన ఉచ్చారణ కాదు. రాతలో కూడా స్థిరపడిన రూపమే.

ఎందుకలా అయిందో ఆలోచిస్తే మా పేట పేరే జవాబు చెప్పింది. రాయడం వెలంపేట అని రాస్తాం, పలకడం ‘వెలంప్యాట’ అని పలుకుతాం. మేడ ‘మ్యాడ’ అవుతుంది, తేడా ‘త్యాడా’ అవుతుంది. కానీ మేలు ఎప్పుడూ ‘మ్యాలు’ కాదు, పేరు ‘ప్యారు’ కాదు. తర్వాతి అక్షరంలో అకారమో ఆకారమో ఉంటేనే ముందున్న ఏత్వం అలా నోరు తెరుచుకుంటుంది. చేయరా, చేయడం, చేయగల, అన్నిట్లోనూ ‘య’ మీద అకారమే. కాబట్టి ‘చ్యాయ’, దాని నుంచి ‘శాయ’. ‘చేసి’లో తర్వాత ఇకారం ఉంది గనక ‘శాసి’ అని ఎవరూ అనరు, ఆ కాగితాల్లో కూడా లేదు. నోరు ఎలా పలికిందో కలం అలాగే రాసింది. సేయరా తప్పు కాదు, చేయరా అసలే తప్పు కాదు. కానీ మాంత్రికుడి మాట రాసేటప్పుడు ఇకనుంచి నేను శాయరా అనే రాస్తాను.

మాస్టారూ, మీ డింభకం మా పాపకి బాగా నచ్చింది. మా చెల్లెలి కొడుక్కి ఎనిమిదో నెల, ఇంకా పాకడం రాలేదు. నిన్న సాయంత్రం వాడి ఉయ్యాల పక్కన నిలబడి, గొంతు బొంగురు చేసి, ‘పాకరా డింభకా, గిలక్కాయ లభిస్తుందిరా’ అంటోంది. మా చెల్లెలు ‘పసివాణ్ణి తిడతావేంటే’ అని కోప్పడితే, పాప తాతయ్య వైపు చూసింది. ఆయన మళ్లీ కళ్లు మూసుకుని ‘పోతః పాకోఽర్భకో డింభః’ అని మొదలుపెట్టారు.