నమ్మకాన్ని మోడల్‌లో ఎక్కడ పెట్టాలి?

నమస్కారమండీ. ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్నాను. రిటైల్ వ్యాపారం డిజిటల్‌కి మారేటప్పుడు మార్కెటింగ్ ఫలితాల మీద నమ్మకం ప్రభావం ఎలా ఉంటుందన్నది అంశం. ఒకచోట ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపండి.

మార్కెటింగ్ సంబంధాల మీద మోర్గాన్, హంట్ అనే పరిశోధకులు 1994లో రాసిన పేపర్‌లో నమ్మకం, నిబద్ధత రెండూ మీడియేటర్లు, అంటే కారణానికీ ఫలితానికీ మధ్య నిలిచి ప్రభావాన్ని చేరవేసేవి. నేనూ నా మోడల్ అలాగే గీసుకున్నాను: డిజిటల్ మార్పు నమ్మకాన్ని పెంచుతుంది, నమ్మకం అమ్మకాన్ని పెంచుతుంది. కాగితం మీద బాగానే ఉంది. తీరా ఒక స్టోర్‌లో కూర్చుని చూస్తే కథ వేరు. స్టాకు చూసే ఆయన కొత్త సాఫ్ట్‌వేర్‌ని నమ్మడు. లెక్కంతా నోట్‌బుక్‌లోనే, తీరిక దొరికితే సాయంత్రం ఎక్కిస్తాడు. ఈలోగా యాప్‌లో ‘స్టాక్ ఉంది’ అని చూసి ఆర్డర్ పెట్టినవాళ్లకి రద్దయిందని మెసేజ్ పోతుంది. ఆ తర్వాత ఎన్ని ఆఫర్లు పంపినా వాళ్లు తెరిచి చూస్తారా? (స్టాకు చూసే ఆయన్నీ తప్పుపట్టలేను, ఆ సాఫ్ట్‌వేర్ నెలలో రెండుసార్లు మొరాయించింది మరి.)

అంటే ఉద్యోగుల నమ్మకం ముందే ఉండాలి కదా. అప్పుడది మోడరేటర్ (ప్రభావం ఎంత బలంగా ఉండాలో మార్చే అంశం) అవుతుందా? కస్టమర్ల నమ్మకం మాత్రం మీడియేటర్‌గానే ఉంచి, రెండింటినీ విడిగా కొలవొచ్చా?

ఎదుటివాళ్లని నమ్మడానికి ఆధారాలుగా మేయర్, డేవిస్, షూర్‌మన్ అనే పరిశోధకులు 1995లో చెప్పిన సామర్థ్యం, మేలుకోరే గుణం, నిజాయితీల మీద ప్రశ్నలనే సర్వేలో వాడదామనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌కి మేలుకోరే గుణమేమిటని మా గైడ్ నవ్వారు. నిజమే, దాని బదులు ఏం అడగాలి? పైగా సర్వే ఒక్కసారే చేయగలను. దాంతో ఏది కారణమో, ఏది ఫలితమో చెప్పలేనేమో. ఇలాంటిది చేసినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు?