అప్‌డేట్: రేడియో లాక్ వీడింది, బ్యాటరీ దిగలేదు

కారు బ్యాటరీ మార్చాక అందులోని రేడియో కోడ్ అడిగిందని, తప్పు అంకెలు కొట్టేసరికి పూర్తిగా లాకైందని, ఆ లాక్ వీడడానికి రేడియోని గంటసేపు ఆన్‌లో ఉంచితే బ్యాటరీ దిగిపోతుందేమోనని ఇక్కడ అడిగాను కదా. పని అయిపోయింది.

కావలిలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర 12 వోల్టుల చార్జర్ తెచ్చాను. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్లది ఇంజిన్ దగ్గర రంగు లేని ఇనుముకి పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేశాను. బ్యాటరీ మీద 12.1 వోల్టులు చూపిన మీటరు 13.6కి ఎక్కింది. ఏసీ, లైట్లు ఆపేసి రేడియో ఒక్కటే ఆన్‌లో ఉంచాను. మధ్యలో కరెంటు పోతే చాలా టెన్షన్ పడ్డాను గానీ, బ్యాటరీ మీద రేడియో ఆగకుండా నడిచింది.

గంట దాటాక తెర మీద మళ్లీ ‘కోడ్’ అని పడింది. అసలు నంబరు నాన్న దాచిన పాత కారు కాగితాల్లో చిన్న కార్డు మీద దొరికింది. ఒక్కొక్క అంకే నిదానంగా నొక్కాను, పాట మొదలైంది. సలహా ఇచ్చిన అన్నలందరికీ చాలా థాంక్స్.