బెట్టింగ్ యాప్‌లలో చేసిన అప్పు ఇంట్లోవాళ్ళు కట్టాలా, వద్దా?

తణుకు అబ్బాయి:
మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొదట రమ్మీ, తర్వాత ఐపీఎల్ పందేలు, ఇప్పుడు టెలిగ్రామ్‌లో వచ్చే లింకులతో ఏవేవో యాప్‌లు. బయటపడ్డ అప్పు 14 లక్షలు. క్రెడిట్ కార్డులు, లోన్ యాప్‌లు, స్నేహితుల దగ్గర చేబదుళ్ళు, ఇవి కాక ఊళ్ళో ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రాంసరీ నోటు. ఉన్న అరెకరం అమ్మేసి ఒక్కసారే తీర్చేద్దామని బాబాయి పట్టు. నేను వద్దన్నందుకు పిన్ని నాతో మాటలు మానేసింది. మీరేమంటారు?

ఉప్పాడ:
కట్టేయండి బాబూ. లోన్ యాప్‌ల వాళ్ళు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తారు, మార్ఫింగ్ ఫోటోలు పంపుతారు. ఆ అవమానం తట్టుకోలేక కుర్రాడు ఏ అఘాయిత్యమో చేసుకుంటే ఆ అరెకరం ఎవరికి? పొలం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఇంటి లెక్క:
మా ఇంట్లో రెండుసార్లు కట్టారు. ఒకసారి మావయ్యగారు, ఒకసారి మా నాన్న. రెండుసార్లూ మా ఆయన దేవుడి పటం ముందు ఒట్టు వేశారు. అప్పుడు ఆయన నటించలేదు, నిజంగానే మానేద్దామనుకున్నారు. కానీ బాకీ సున్నా కాగానే అదే కార్డు మీద మళ్ళీ పూర్తి లిమిట్ వచ్చి కూర్చుంది. మూడోసారి ఆడుతున్నట్టు నాకెలా తెలిసిందంటే, బండి ఆర్సీ కోసం వెతికితే ఆ ప్లాస్టిక్ కవర్లోనే గోల్డ్ లోన్ రసీదు నాలుగు మడతలు పెట్టి ఉంది. కుదువ పెట్టింది నా నల్లపూసలు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్నది వీళ్ళకి వేదం. మీ బాబాయి కట్టే డబ్బు అతని కంటికి కొత్త పెట్టుబడిలాగే కనిపిస్తుంది.

నిప్పులాంటి నిజం:
అసలు తప్పు ప్రభుత్వాలది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఏకంగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేదు. నడిపేవాడికి 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అయినా మీవాడికి లింకు దొరికింది కదా!

పేకముక్క:
రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాద్ క్లబ్బుదే. నేను ఏళ్ళ తరబడి క్లబ్బులో ఆడుతున్నా, జేబులో ఉన్నది అయిపోతే లేచి వచ్చేస్తా. సంక్రాంతికి భీమవరం వైపు బరుల్లో లక్షలు కాస్తే సంప్రదాయం, ఈ కుర్రాడు ఆడితే రోగమా? హద్దు తెలిస్తే చాలు.

ఇంటి లెక్క:
పేకముక్క గారూ, ఆ హద్దులో సగం ఘనత క్లబ్బుది. నలుగురూ చూస్తుంటారు, జేబు ఖాళీ అయితే లేవాల్సిందే. పందేలైనా పండగ మూడు రోజులే. మా ఆయన అర్ధరాత్రి దుప్పటి ముసుగులో ఆడేవారు. డబ్బులైపోతే యూపీఐ పిన్ కొడితే చాలు, పక్కన పడుకున్న నాకు కూడా తెలిసేది కాదు.

రాత్రి డ్యూటీ:
నేను మానసిక వైద్యశాలలో నర్సుని. మానసిక రుగ్మతలని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5 (2013)లో జూదాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల వరసలో చేర్చారు. హద్దు గీసుకోమని చెప్పడం ఇంకా హద్దులో ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. కట్టడమా మానడమా అనే ముందు, డబ్బు ఎవరి చేతి మీదుగా వెళ్తుందో చూడండి.

మొదట మొత్తం అప్పెంతో తేల్చండి. ఇంట్లో చెప్పే మొదటి అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే. సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం, అతని చేతే తీయించి పక్కన కూర్చుని చదవండి. చేబదుళ్ళు అందులో కనిపించవు, వాటిని అడిగి రాయించాలి. ఏది కట్టినా నేరుగా అప్పిచ్చినవాళ్ళకే కట్టండి, కార్డు రద్దు చేయించి బాకీ లేదన్న కాగితం తీసుకోండి. అతని చేతికి మాత్రం రూపాయి ఇవ్వొద్దు. జీతం పడే ఖాతా కార్డు, పాస్‌వర్డు కొన్నాళ్ళు అతను ఒప్పుకున్నవాళ్ళ దగ్గర ఉండాలి. బలవంతంగా లాక్కుంటే ఇంకో ఖాతా తెరుస్తాడు.

ఉప్పాడ గారి భయం ఉత్తది కాదు. ఆత్మహత్య మాట ఎత్తితే ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు కూడా అడగొచ్చు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఫోటోలతో బెదిరిస్తే సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు చేయండి. కేసవుతుందని భయపడి చాలామంది నోరు విప్పరు. ఆ 2025 కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు. చికిత్సకి ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్ళొచ్చు. 'ఎర్రగడ్డ' అనే మాటని మనమే తిట్టుగా మార్చుకుని, అవసరమైనవాడు కూడా ఆ గేటు తొక్కకుండా చేశాం.

ఉప్పాడ:
అన్నీ బాగానే ఉన్నాయమ్మా, మీరు ఓపీ చీటీ రాయించేలోపు వడ్డీ ఆగుతుందా? మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కనీసం ఆ నోటు ఈ వారమే తెంపెయ్యండి.

తణుకు అబ్బాయి:
రిపోర్టు తీయించాం. 14 కాదు, 19. బాబాయి ఆ కాగితం రెండుసార్లు చూసి, బేరగాడికి ఫోన్ చేసి ఇప్పుడే అమ్మడం లేదని చెప్పేశాడు. వడ్డీ ఆయనకి బాబాయే స్వయంగా ఇచ్చి నోటు చించుకొచ్చాడు. అందుకోసం పిన్ని పేరున ఉన్న డిపాజిట్ కరిగిపోయింది. నాకది ఇప్పటికీ నచ్చలేదు, ఉప్పాడ గారు మాత్రం సంతోషిస్తారు. కార్డుల బాకీ వాడి జీతంలోంచే వాయిదాల్లో కట్టాలన్నాం. 14416కి వాడే చేశాడు, ఆసుపత్రికి సోమవారం వెళ్తాం. పిన్ని ఇంకా మాట్లాడటం లేదు.

ఇంటి లెక్క:
అన్నీ సరే గానీ, ఆ అరెకరం పట్టాదారు పాస్‌బుక్ ఎక్కడుందో ఈరోజే చూడమనండి. బీరువాలో ఉందని చెప్తే నమ్మొద్దు, తీసి చూడమనండి.