«మూత ఓరగా పెట్టండి» సరిపోతుందా? ఈస్ట్ స్టార్టర్ మాటలపై చర్చ

ప్రశ్న: అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునే తెలుగువాళ్ల కోసం సూచనలు రాస్తున్నాం. ఈస్ట్ స్టార్టర్ (బీరులో వేసేముందు ఈస్ట్‌ని పెంచుకునే కొద్దిపాటి మాల్ట్ ద్రవం) ఉన్న ఫ్లాస్కు మూతికి ఫాయిల్ బిగించకూడదు, మధ్యమధ్య గాలి అందించాలి. వీటికి «మూత ఓరగా పెట్టండి», «గాలి కొట్టండి» అని రాశాం. స్టార్టర్‌ని «తోడు» అన్నాం. సరేనా?

జవాబు: ఓరగా మాత్రం వద్దండి. పప్పు పొంగకుండా మూత ఓరగా పెడతామంటే ఒక పక్క సందు వదులుతాం. స్టార్టర్‌కి ఆ సందే చేటు. బ్యాక్టీరియా, అడవి ఈస్టులు దుమ్ముతోపాటు పైనుంచి రాలి నేరుగా లోపల పడతాయి. ఫాయిల్‌ని శానిటైజర్‌తో తడిపి, మూతి మీద కప్పి, అంచులు మెడ చుట్టూ రెండంగుళాలు కిందికి దిగేలా వదులుగా నొక్కాలి. కార్బన్ డయాక్సైడు ఆ అంచు కిందనుంచే పోతుంది, గాలీ అక్కడినుంచే వస్తుంది. దుమ్ము పైకి ఎక్కి లోపలికి రాలేదు. «వదులుగా కప్పి, అంచులు మెడ మీదికి దించండి» అని రాయండి.

మరొకరు: «వాసెన కట్టండి» అంటే?

జవాబు: చక్కటి మాటే, కానీ కుడుముల కుండకైనా ఊరగాయ జాడీకైనా వాసెన బిగించే కడతాం. పల్చటి గుడ్డయితే నేత సందుల్లోంచి పండు ఈగలు దూరతాయి, వాటితో వచ్చే ఎసిటిక్ బ్యాక్టీరియా అంతా వెనిగర్ చేస్తుంది. ఎయిర్‌లాక్ (బీరు పాత్ర మూతికి పెట్టే, నీళ్లు నింపిన చిన్న గొట్టం) కూడా ఇక్కడ పెట్టకూడదు. అది వాయువును బయటికి పంపుతుంది తప్ప ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వదు. బిరడా గట్టిగా బిగిస్తే ఒత్తిడికి గాజు పగలొచ్చు.

ఇంకొకరు: గాలి కొట్టడం సైకిలు ట్యూబుకి! ఇక్కడ చేసేది కుదపడం. కణాల పొరకు కావలసిన స్టెరాల్స్ (ఒక రకం కొవ్వు పదార్థాలు), అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకోవడానికి ఈస్ట్‌కి ఆక్సిజన్ కావాలి. అవి చాలకపోతే కణాలు మొగ్గతొడిగి పెరగడం మందగిస్తుంది. కాబట్టి «రెండు మూడు గంటలకోసారి నురగ లేచేలా గుండ్రంగా కుదపండి» అనాలి. అయస్కాంతపు స్టిరర్ ఉంటే «పైన చిన్న సుడి కనిపించేంత వేగం చాలు» అని చేర్చండి. వేడి మీద కుదిపితే లాభం లేదు, వేడి ద్రవంలో ఆక్సిజన్ సరిగా కరగదు. లీటరు నీటికి 100 గ్రాముల ఎండు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కలిపి, 10-15 నిమిషాలు మరిగించి, 20-25 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాకే ఈస్ట్ వేయాలి. లీటరు స్టార్టర్‌కి రెండు లీటర్ల ఫ్లాస్కు తీసుకోకపోతే నురగ ఫాయిల్‌ని తడిపేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి తోడు?

జవాబు: తోడు వేసిన గిన్నెను కదపొద్దంటాం, కదిపితే పెరుగు సరిగా పేరుకోదు. ఈ మాట వినగానే చదివేవాళ్ల చెయ్యి ఫ్లాస్కు జోలికి వెళ్లదు. «స్టార్టర్» అనే ఉంచేయండి, ఇడ్లీ పిండికి గ్రైండర్ ఉన్నట్టే ఇదీ ఉంటుంది. పొడి ఈస్ట్ వాడేవాళ్లకు మామూలుగా స్టార్టర్ అక్కర్లేదని కూడా ఒక వాక్యం వేయండి. ఆ కణాల్లో స్టెరాల్ నిల్వ ముందే ఉంటుంది.

మరొకరు: ఒక్క మాట చూసుకోండి. ఈస్ట్ వేసి 24-36 గంటలయ్యాక స్టార్టర్‌ని ఫ్రిజ్‌లో పెడితే ఒకటి రెండు రోజుల్లో ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. దాన్ని «మడ్డి» అని రాస్తే సగం మంది పారబోస్తారు. మనకు తేట ఉంచుకుని మడ్డి పారేయడం అలవాటు, ఇక్కడ తిరగబడింది. గాలి తగిలిన ఆ తేట రుచి బాగుండదు. ఇలా రాయొచ్చు: «పైన తేరిన ద్రవాన్ని కదలకుండా వంచేయండి. అడుగున ఉన్న తెల్లని ఈస్ట్ పొరను, అది కలిసేందుకు కాస్త ద్రవాన్ని ఉంచుకోండి. గది వేడికి వచ్చాక కుదిపి బీరు పాత్రలో పోయండి.»